ఆటోస్టార్టరు చెప్పిన పాఠం

"ఈసారి సావనీరుకు మీ వ్యాసం తప్పక ఉండాలె సార్, కానీ పోయిన సంవత్సరం లాగ పాఠం చెప్పొద్దు" అని మన విద్యార్థి సంఘం కార్యదర్శి నా ముఖం మీదనే అనేసి వెళ్ళాడు. పోయిన సంవత్సరం నేను రాసింది పవర్ ఫ్యాక్టర్ గురించి. దాన్ని ఎవరూ చదవలేదన్న సంగతి నాకూ తెలుసు. ప్రూఫులు దిద్దిన అబ్బాయి కూడా చదివినట్టు లేదు. కెపాసిటర్ అన్న చోటల్లా కెప్టెన్ అని అచ్చయింది. కాబట్టి ఈసారి పాఠం చెప్పను. ఒక అభిప్రాయం చెబుతాను, దానితోపాటు ఒక తప్పు ఒప్పుకుంటాను.

అభిప్రాయం ఇది. మన ఎలక్ట్రికల్ విభాగంలో ఇప్పుడు ఏ ప్రాజెక్టు రిపోర్టు తెరిచినా రెండే విషయాలు కనబడుతున్నాయి. ఒకటి కరెంటు వ్యాపారం, రెండోది ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగు. విషయాలు మంచివే, కాదనను. కానీ నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలం, ఈ జిల్లాలలో కూర్చుని, ఈ జిల్లాలు అసలు లేనట్టుగానే ఆ పరిశోధన చేస్తున్నాం. రిపోర్టులో అమెరికా ఉంటుంది, డెన్మార్కు ఉంటుంది, చైనా ఉంటుంది. దేవరకొండ ఉండదు, మక్తల్ ఉండదు.

ఇక తప్పు. ఇది నాదే కనుక దాచడానికేమీ లేదు. నా ఎం.టెక్. ప్రాజెక్టు కూడా ఇదే రకం. ఛార్జింగ్ కేంద్రాలను లైనులో ఎక్కడ పెడితే నష్టాలు తగ్గుతాయి అన్నది విషయం. లైను ఏది? 1989లో బారన్, వూ అనే ఇద్దరు పరిశోధకులు తమ వ్యాసంలో వాడిన నమూనా లైను. 33 స్థానాలు, 12.66 కిలోవోల్టులు, మొత్తం లోడు 3,715 కిలోవాట్లు. ప్రపంచంలో ఏ మూలనున్న విద్యార్థి అయినా ముందు దానిమీదనే లెక్క చేసి చూపుతాడు. ఒకరి పద్ధతిని ఇంకొకరి పద్ధతితో పోల్చడానికి అటువంటి ఉమ్మడి నమూనా అవసరమే. నేను మాత్రం అక్కడ మొదలుపెట్టి అక్కడనే ఆగిపోయాను. ప్రోగ్రాము కూడా సగం నాది కాదు. హైదరాబాదులో ఒక దుకాణంలో డబ్బు కట్టి తెచ్చుకున్నది. ఆ నమూనాలో 18వ స్థానం అన్నింటికన్నా చివరన ఉంటుంది, ఓల్టేజి అక్కడ అన్నింటికన్నా ఎక్కువ పడిపోతుంది. "18వ స్థానం ఛార్జరుకు పనికిరాదు" అని తీర్పు రాసి, రంగుల గ్రాఫు అతికించాను.

వైవా నాడు పరీక్షకుడుగా వచ్చిన పెద్దాయన గ్రాఫు మీద వేలు పెట్టి, "ఈ 18వ స్థానం దగ్గర ఎవరుంటరు బాబూ?" అని అడిగాడు.

"నోడ్ సార్" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మార్కులు మంచిగనే వచ్చాయి.

ఆ ప్రశ్న సంగతి మళ్ళీ వస్తాను. ముందు ఇతర విభాగాల మిత్రుల కోసం ఈ కరెంటు వ్యాపారం ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఒకప్పుడు కరెంటు తయారుచేసేదీ, లైను గుంజేదీ, బిల్లు వసూలు చేసేదీ ఒక్క బోర్డే. 1999 ఫిబ్రవరిలో మన ఉమ్మడి రాష్ట్రపు బోర్డు జెన్కోగా, ట్రాన్స్‌కోగా విడిపోయింది; మరుసటి సంవత్సరం పంపిణీ కంపెనీలు, అంటే డిస్కమ్‌లు వచ్చాయి. 2003 విద్యుత్ చట్టం కరెంటు కొని అమ్మే వ్యాపారాన్ని లైసెన్సు ఉండే ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. 2008 జూన్‌లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ మొదలయింది. అంటే కరెంటుకు ఒక మార్కెట్ యార్డు.

బాదేపల్లి యార్డులో పల్లికాయ అమ్మినవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. యార్డులో కుప్ప కుప్పకూ ఒక ధర. ఇక్కడ అట్లా కాదు. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కకు, నేను ఇంతకు అమ్ముతానని అమ్మేవాళ్ళు, ఇంతకు కొంటానని కొనేవాళ్ళు ముందురోజే చీటీ వేస్తారు. ఒకరి చీటీ ఇంకొకరికి కనబడదు. రెండు వైపుల లెక్కలు ఎక్కడ కలుస్తాయో ఆ ధరే ఆ పావుగంటకు అందరి ధర. 2020 జూన్ నుంచి అప్పటికప్పుడు కొనుక్కునే బేరం కూడా వచ్చింది. ప్రతి అరగంటకూ ఒక వేలం. ధర పదికి మించరాదని 2023లో కేంద్ర నియంత్రణ మండలి సీలింగు పెట్టింది. ఎండాకాలం మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకు దొరికే యూనిట్, అదే రోజు రాత్రి ఆ పది రూపాయల సీలింగుకు తగిలిన సందర్భాలు ఉన్నాయి. కారణం మీకు తెలిసిందే. పగలు సోలారు దండిగా ఉంటుంది, పొద్దు గూట్లో పడగానే అది పోతుంది, ఇండ్లలో లైట్లు, కూలర్లు అప్పుడే మొదలవుతాయి. పల్లికాయనయితే ధర లేనప్పుడు టార్పాలిన్ కప్పి ఉంచుకోవచ్చు. కరెంటుకు టార్పాలిన్ లేదు.

లేదు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. నాగార్జునసాగర్ పవర్‌హౌసులో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. అవి నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీయగలవు, కరెంటు ఇస్తే కింది నీళ్ళను పైకి తోడగలవు కూడా. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు, అవీ అటువంటివే. చవక కరెంటుతో నీళ్ళు పైకెక్కించి, కరువు వేళ కిందికి దించడమంటే అదే గోదాము. ఒక గోదాము నల్లగొండలో, ఇంకొకటి పాత పాలమూరు జిల్లాలో. ఈ రెండింటి మీద మన కాలేజీలో ఒక్క ప్రాజెక్టు కూడా నా కంటపడలేదు. బాటరీల మీద మాత్రం నలభై ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు పేరు రాసినప్పుడు 2020 ఆగస్టు 20 రాత్రి గుర్తుకు రాకుండా ఉండదు. ఆ భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అందులో ఇంజనీర్లు ఉన్నారు, మన పిల్లలు రేపు చేయబోయే ఉద్యోగాలలో ఉన్నవాళ్ళే. ఎక్స్ఛేంజి ధరలో ఆ ఖర్చు ఎక్కడా పడదు.

ఇంకొక ముచ్చట. మనవాళ్ళు మార్కెట్ గురించి రాసేటప్పుడు, కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికైనా పోతుందన్నట్టు రాస్తారు. మక్తల్ దాటి కృష్ణ బ్రిడ్జి ఎక్కితే అవతల రాయచూరు. ఆ రాయచూరు నుంచి షోలాపూరుకు వేసిన 765 కిలోవోల్టుల లైను 2013 డిసెంబర్ 31న కలిసేదాకా, దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలో నడవలేదు. ఉత్తరాదిలో కరెంటు చవకగా ఉన్నా మనకు చేరే దారి ఇరుకు. 2012 జూలైలో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకట్లో మునిగినప్పుడు మనం బయటపడిందీ ఆ విడిగా ఉండడం వల్లనే. లైను ఉంటేనే మార్కెట్టు. ఇక లైను ఉన్నా చేతిలో డబ్బు ఉండాలి. 2022 ఆగస్టులో బాకీలున్నాయని 13 రాష్ట్రాల డిస్కమ్‌లను ఎక్స్ఛేంజీలలో బేరం చేయకుండా ఆపితే, ఆ జాబితాలో తెలంగాణ కూడా ఉంది. మనవాళ్ళు హైకోర్టుకు పోవలసి వచ్చింది. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉండవు, కానీ ఇవే విషయం.

ఇప్పుడు 18వ స్థానం సంగతి.

మా ఊరు దేవరకొండ దిక్కు. మా పొలం 11 కేవీ ఫీడరు కొసకు ఉంటుంది. మా తర్వాత గుట్ట, గుట్ట తర్వాత వేరే సబ్‌స్టేషను. నా చిన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది, సగం రాత్రిపూట. ఎప్పుడొస్తుందో రైతుకు తెలియదు. అర్ధరాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని బాయి కాడికి పోయి పాము కరిచి పోయినవాళ్ళు, షాకు కొట్టి పోయినవాళ్ళు మన జిల్లాలలో ప్రతి ఊళ్ళో ఉన్నారు. అందుకే ఆటోస్టార్టరు వచ్చింది. చిన్న డబ్బా. కరెంటు రాగానే దానంతటదే మోటరు వేస్తుంది. రైతు ఇంట్లో పండుకోవచ్చు. నాయిన అది పెట్టించిన రోజు మా అమ్మ పటానికి పూలు పెట్టింది.

ఒక్కరి దగ్గర ఉన్నంతకాలం అది బంగారం. మా ట్రాన్స్‌ఫార్మరు కింద అందరూ పెట్టించుకున్నారు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు, కింద పన్నెండు మోటర్లు. కరెంటు వచ్చిన క్షణం పన్నెండు మోటర్లూ ఒక్కసారే లేచేవి. నడిచే మోటరు తీసుకునే కరెంటు వేరు, లేచే మోటరు గుంజుకునే కరెంటు వేరు. ఇది దానికి ఎన్నో రెట్లు. ఓల్టేజి పడిపోయేది. ఓల్టేజి పడితే మోటరు లేవలేక ఇంకా గుంజేది. ఒక యాసంగిలో ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు కాలింది. ఇంటికింత చందా వేసుకుని ట్రాక్టరులో షెడ్డుకు తీసుకుపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. రెండోసారి ట్రాక్టరు మీద నేనూ కూర్చున్నాను. నూనె వాసన రెండు రోజులు ఒంటికి పట్టి ఉంది.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దానికి ముందు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం జరిగింది. రాత్రీ పగలూ కరెంటు ఉంటే ఆ డబ్బాతో పని లేదు. ఉంటే భూమిలో నీళ్ళు వట్టిగనే తోడిపోస్తుంది. లైన్‌మన్ మా నాయినకు చెప్పి చూశాడు. నాయిన ఇట్లా అన్నాడు: "నేను తీస్త. నేను తీసినంక పక్కోడు తీయకపోతే? వాని మోటరు లేస్తది, నాది లేవది. అందరియి ఒక్కనాడే తీయిండ్రి, ముందు నాదే తీయిండ్రి."

ఎం.టెక్. రెండేళ్ళలో ఎవరూ నాకింత స్పష్టంగా చెప్పని విషయం ఇది. ఒక్కొక్కరికి లాభమైన పని అందరూ ఒకే క్షణాన చేస్తే అందరికీ నష్టం. అయినా ఒక్కడు మానుకుంటే వాడే మునుగుతాడు.

ఇప్పుడు బండ్ల సంగతికి వద్దాం. 5 హార్స్‌పవర్ మోటరంటే 3.7 కిలోవాట్లు. ఇంట్లో కారును నిదానంగా ఛార్జి చేసే పరికరం 3.3 కిలోవాట్లు. అంటే ఒక కారు కొన్న ఇంట్లో, కరెంటు లెక్కన, ఒక బోరు మోటరు దిగినట్టు. స్కూటరు చిన్నది, ఒక కిలోవాటు లోపు. హైవే మీద హోటళ్ళ దగ్గర పెట్టే ఫాస్ట్ ఛార్జరు 60 కిలోవాట్లదయితే మా ఊరి ట్రాన్స్‌ఫార్మరంత మొత్తం ఒక్కటే మింగుతుంది. 2023 మే నెలలో ఆర్టీసీ హైదరాబాదు–విజయవాడ మధ్య ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా అవి పోతుంటే మన పిల్లలు రోజూ చూస్తున్నారు. దివిటిపల్లిలో బాటరీ సెల్లుల ఫ్యాక్టరీకి అదే నెలలో శంకుస్థాపన జరిగింది. 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రాష్ట్రం రోడ్డు ట్యాక్సు మాఫీ చేసింది. బండ్లు రావడం ఆగదు. అవి ఎప్పుడు ఛార్జి అవుతాయన్నదే ప్రశ్న.

కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి కదా, మరి ఛార్జింగ్ కేంద్రం పెట్టేవాడికి? ఇది బాటరీకి చేసే సేవ, కరెంటు అమ్మకం కాదు అని 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చింది. లా విద్యార్థులు దీని మీద ఎంతసేపైనా వాదించవచ్చు. నా మటుకు అది మంచి పని అనే అంటాను. ఆ దెబ్బతో కిరాణా దుకాణం ముందు కూడా ఛార్జరు పెట్టుకోవచ్చు. ఇక 2024 సెప్టెంబర్ మార్గదర్శకాలు పబ్లిక్ ఛార్జింగ్ కేంద్రాలకు ఒక లెక్క చెప్పాయి. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా, సోలారు ఉండే వేళ, సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకు కరెంటు ఇవ్వాలి. మిగతా వేళలో 1.3 వంతు. పగలు నింపుకోండి అని దాని భావం. మంచి భావమే.

కానీ 9 గంటలకు గంట కొట్టినట్టు ధర తగ్గితే ఏమవుతుంది? ఇప్పటి ఛార్జర్లలో, ఫోన్లలో టైమరు ఉంటుంది. బండి రాత్రే తగిలించి, 9 గంటలకు మొదలుపెట్టు అని చెప్పి పండుకోవచ్చు. వెయ్యి బండ్లు వెయ్యి ఇండ్లలో, కేంద్రాలలో, సరిగ్గా 9 గంటలకు లేస్తాయి. ఇది మా నాయిన డబ్బా కాదా? మోటరు లేచినప్పటి గుంజుడు బాటరీకి లేదు, నిజమే. అయినా అన్నీ కలిసి ఒక్కసారే ఎక్కితే ట్రాన్స్‌ఫార్మరుకు తేడా ఏముంది? పైగా మన రాష్ట్రంలో డిమాండు మిగతా రాష్ట్రాల లాగ ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యాసంగి వరికి నీళ్ళు పెట్టే రోజుల్లో గరిష్ఠ డిమాండు పొద్దటి పూటనే వస్తుంది. 2023 మార్చిలో అది 15,000 మెగావాట్లు దాటింది, 2025 మార్చిలో 17,000 దాటింది. సరిగ్గా ఆ వేళకే బండ్లన్నింటినీ లేపే గంట కొట్టడం, ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు కనబడకపోవచ్చు. మనకు కనబడాలి. మన పిల్లవాడు ఎవరైనా, "మార్చి నెలలో దేవరకొండకు 9 గంటలు సరి అయిన వేళ కాదు, 11 గంటలు సరి" అని లెక్కకట్టి చూపిస్తే అది పరిశోధన. లేదు, 9 గంటలే మంచిదని తేలినా అదీ పరిశోధనే.

అర్థశాస్త్ర విభాగంలో నాకొక మిత్రుడున్నాడు. క్యాంటీనులో మా వాదన రెండేళ్ళుగా తెగడం లేదు. ఎక్స్ఛేంజి ధర ఉన్నదున్నట్టు ప్రతి ఇంటికీ, ప్రతి మోటరుకూ చూపించు, మనుషులు వాళ్ళే సర్దుకుంటారు అంటాడు ఆయన. నేనడిగేది ఒక్కటే. ఒకే ధర, ఒకే క్షణాన, అందరి చెవిలో పడితే సర్దుకోవడం ఎక్కడిది? అదీ గంటే కదా. ధర చెప్పడం తప్పు కాదు. చెప్పడంతో పని అయిపోయిందనుకోవడం తప్పు. ఒకరి తర్వాత ఒకరు లేచే ఏర్పాటు ఎవరో చేయాలి. ఇక కరెంటు ధర అనేది మన రాష్ట్రంలో వట్టి అంకె కాదు. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా వెళ్ళిన ప్రదర్శన మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. మోటరుకు మీటరు అన్న మాట ఎత్తితే మా ఊళ్ళో ఇప్పటికీ చాయ్ తాగే గ్లాసు కింద పెడతారు. ఆ భయం తెలియకుండా ధరల మీద రాసే థీసిస్‌కు ఎన్ని సమీకరణాలుంటే ఏం? (ఆయన జవాబు రాస్తానంటే ఈ సావనీరులోనే చోటివ్వమని సంపాదకులకు చెప్పాను. రాయలేదు.)

ఇప్పుడు నా రెండో తప్పు. నాకొక ఎలక్ట్రిక్ స్కూటరు ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడిన అర్హులైన ఇండ్లకు జీరో బిల్లు వస్తున్నది. 200 దాటితే మొత్తానికీ కట్టాలి. మాది 170, 180 మధ్య తిరిగే ఇల్లు. స్కూటరుకు రోజుకు రెండు యూనిట్లు వేసుకున్నా నెలకు 60. మా ఇంట్లో ఈ లెక్క నాకన్నా ముందు నా భార్య చేసింది. "బండి ఇంట్ల పెడితే జీరో పాయె" అన్నది. అప్పటి నుంచి దాన్ని మెషీన్స్ ల్యాబు కిటికీలోంచి వైరు వేసి ఛార్జి చేసుకుంటున్నాను. మన అటెండరు మొదటి వారం ఏమీ అనలేదు. రెండో వారం, "సార్, గదే పని పిల్లలు చేస్తే మీరు ఊకుంటరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ వైరుకు ఇంకో ఇద్దరి స్కూటర్లు కూడా తగులుతున్నాయి. ఎవరివని అడగకండి.

చాటుగా చేస్తున్నాం కనుక ఇది దొంగతనం, కానీ వేళ మాత్రం సరి అయినదే. నేను ఇంట్లో ఛార్జి చేస్తే రాత్రి ఏడు గంటలకు తగిలిస్తాను, ఎక్స్ఛేంజిలో యూనిట్ మండిపోయే వేళ. నాకు జీరో అయినా డిస్కమ్‌కు జీరో కాదు. ఇక్కడయితే మధ్యాహ్నం. మన బండ్లు పొద్దున నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడేది ఎక్కడ? కాలేజీ స్టాండులో. కోర్టు, కలెక్టరాఫీసు, మార్కెట్ యార్డు, బస్టాండు, అన్నీ అంతే. ఆటో డ్రైవరొకాయన నాతో అన్న మాట: "ఇంటికాడ తగిలిస్త సార్, కానీ నా గిరాకి లేని యాళ్ళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆ యాళ్ళ నేను ఇంటికాడ ఉండ." పెద్ద పెద్ద కార్లకు హైవే మీద ఫాస్ట్ ఛార్జర్లు ఎక్కడ పెట్టాలన్నదాని మీద లోకమంతా పరిశోధన చేస్తున్నది. ఈ రెండు జిల్లాలలో తిరిగేవి స్కూటర్లు, ఆటోలు. వీటికి కావలసింది నీడ, ఒక సాకెట్టు, ఒక మీటరు. 3 కిలోవాట్ల దాకా పనికివచ్చే చిన్న ఛార్జ్ పాయింటును 3,500 రూపాయల లోపు తేవాలని 2021లోనే కేంద్రం లక్ష్యం పెట్టుకుంది.

వ్యాపారం సంగతి కూడా ఇక్కడే తగులుతుంది. 100 కిలోవాట్లు పైన ఉన్న వినియోగదారుడు సోలారు, గాలి కరెంటును ఎక్కడి నుంచైనా కొనుక్కోవచ్చని 2022లో గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నియమాలు వచ్చాయి. ఒక్క చిన్న కేంద్రానికి 100 ఎక్కడిది? కానీ ఒకే ఎలక్ట్రిసిటీ డివిజనులో ఉన్న కనెక్షన్లన్నీ కలిపి 100 అయినా చాలునని మరుసటి సంవత్సరం సవరించారు. మన కాలేజీ, పక్క హాస్టలు కలిపితే ఎంత అవుతుంది? యాజమాన్యం ఒకటే అయి ఉండాలా? వీలింగు ఛార్జీలు, సర్‌ఛార్జీలు పోను ఏమైనా మిగులుతుందా? కామర్స్, లా, ఎలక్ట్రికల్ విద్యార్థులు ముగ్గురు కూర్చుంటే ఒక సెమిస్టరుకు సరిపోయే పని. ఎవరూ ఇంతవరకు ముట్టలేదు.

సమాచారం ఇవ్వరు సార్ అని పిల్లలు అంటారు. అది నిజమే. మేము ఫీడరు లోడు వివరాల కోసం ఒక ఆఫీసుకు ఉత్తరం రాశాం, జవాబు లేదు. ఇంకోటి రాశాం, అదీ అంతే. సబ్‌స్టేషనులో ఆపరేటరు ప్రతి గంటకూ ఆంపియర్లు రాసే లాగ్‌బుక్కు ఉంటుంది. లోకం పావుగంటకొక ధరతో నడుస్తుంటే మనకు గంటకొక అంకె, అదీ బీరువాలో. దీని మీద యూనియన్ ఒక మెమొరాండం ఇస్తే నేను మొదటి సంతకం పెడతాను. ఫీజుల మీద, మెస్సు మీద ధర్నాలు చేశాం. లాగ్‌బుక్కు కోసం కూడా ఒకటి చేయవచ్చు.

జవాబు వచ్చేదాకా కూర్చోకుండా, మేమొక చిన్న పని మొదలుపెట్టాం. బోరు స్టార్టరు డబ్బా మీద ఓల్టు మీటరు, ఆంపు మీటరు ఉంటాయి. పోయిన యాసంగిలో మా నాయినకు నా పాత రికార్డు బుక్కు ఒకటి ఇచ్చి, మోటరు వేసినప్పుడల్లా టైము, ఓల్టేజి రాయమన్నాను. ఆయన చదివింది నాలుగో తరగతి. రెండు నెలలు రాశాడు. 410 ఉండవలసిన చోట 340 అని ఉంటుంది. కొన్ని చోట్ల పక్కన "మోటరు మూలుగుతంది" అని ఉంటుంది. ఒక పేజీలో అంకె లేదు, "ఇయ్యాల పోలేదు, పెండ్లికి పోయిన" అని ఉంది. ఏ సాఫ్టువేరులో వేసినా ఇంత నికార్సయిన డేటా నాకు దొరకలేదు. పరీక్షకుడు పెద్దాయన ఇప్పుడు రిటైరయ్యాడు. ఎక్కడైనా కలిస్తే చెప్పాలి, 18వ స్థానం దగ్గర మా నాయిన ఉంటడు సార్ అని.

ఈ విద్యా సంవత్సరంలో మూడో సంవత్సరం పిల్లలు ఆరుగురు వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు ఇటువంటి పుస్తకాలు పట్టుకుపోయారు. ఇద్దరివి పాలమూరు వైపు, ఒకరిది కొల్లాపూర్ దగ్గర. అక్కడ ఎత్తిపోతల మోటర్లు నడిచిన రోజు ఊరి ఓల్టేజి ఏమైనా మారుతుందా అని ఆ అమ్మాయి తనంతట తనే ఒక కాలము గీసుకుంది. నేను చెప్పలేదు.

స్కూటర్ స్టాండు సంగతి ప్రిన్సిపాల్‌గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. రేకుల షెడ్డు మీద సోలారు పలకలు, కింద పది సాకెట్లు, ఒక్కొక్కదానికి చిన్న మీటరు, వాడినంత డబ్బు కట్టడం. అన్నీ ఒక్కసారి లేవకుండా వంతులు పెట్టే పరికరం మన పిల్లలే ల్యాబులో తయారుచేస్తారు; ఫైనలియర్ బ్యాచికి అదే ప్రాజెక్టు. పది సాకెట్లకు బండ్లు ఎక్కువయితే లాటరీ తీద్దాం. నా స్కూటరు ఆఖరున పడ్డా ఫరవాలేదు, నాకు ఎట్లాగూ రెండు గంటల దాకా ల్యాబు ఉంటుంది. కిటికీ వైరు మాత్రం షెడ్డు వచ్చిన రోజే తీస్తాను. మిగతా ఇద్దరు కూడా అదే రోజు తీయాలి.